మూడు నలభై ఆరు

చూసేవాడు రాయకూడదు, రాసేవాడు చూడకూడదు. ఇది మా మామగారి డిపార్ట్‌మెంటు నియమం. ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు కాలువల మీదా బావుల మీదా నీటిమట్టం చూసే ఉద్యోగం చేశారు. ఒకరు వంగి కొలత చూసి గట్టిగా చెప్పాలి. రెండోవాళ్ళు దూరంగా నిలబడి ఆ అంకె తిరిగి పలికి, అప్పుడు రాయాలి. ఇద్దరూ చూస్తే ఒకరి కన్ను ఒకరు దిద్దడం మొదలుపెడతారట. ఆ దిద్దుబాట్లలో అసలు అంకె ఎక్కడో జారిపోతుందట.

ఆ వేసవంతా పొద్దున్న ఆరున్నరకి మా పెరట్లో ఇదే జరిగేది. ఆయన బావి చప్టా మీద మోకాళ్ళూని, చివర సీసపు గుండు కట్టిన తాడు లోపలికి వదిలేవారు. తాడు మీద మీటరుకొక ఎర్ర పట్టీ, మధ్యలో సెంటీమీటర్లకి నల్ల గీతలు. గుండు నీళ్ళని తాకిన చప్పుడు కాగానే తాడుని గట్టుకి నొక్కిపట్టి, మెడ ఒక పక్కకి తిప్పి, కోడిపుంజు గింజని చూసినట్టు చూసేవారు. నేను వంటింటి మెట్టు మీద అట్ట, పెన్సిలు పట్టుకుని నిలబడేదాన్ని.

“మూడూ నలభై నాలుగు!”

“మూడు నలభై నాలుగు.”

“రాసుకో.”

రాసుకునేదాన్ని. గట్టు నుంచి నీళ్ళదాకా ఎంత లోతో ఆ అంకె. అంకె పెరిగిందంటే నీళ్ళు కిందికి దిగినట్టు.

మా కాలనీలో ఇంకో నియమం కూడా ఉంది, అది ఎవరూ పెట్టింది కాదు. విమానం వస్తే మాట ఆపేయాలి. ఎవరు ఏ మాట మధ్యలో ఉన్నా అక్కడే నోరు తెరుచుకుని ఆగి, చప్పుడు ఇళ్ళ మీదుగా దాటిపోయాక ఆగిన చోటి నుంచే అందుకోవాలి. కొత్తగా వచ్చిన చుట్టాలు మాకేదో జబ్బనుకునేవారు. మొగుడూ పెళ్ళాల పోట్లాటలు కూడా అలాగే ఆగి, అలాగే మొదలయ్యేవి. “ఆ సందులో ఏం తిట్టాలో తీరిగ్గా ఆలోచించుకోవచ్చు చెల్లీ” అనేది మిషన్ అక్క. అక్కది మా పక్కిల్లు. ముందుగదిలో కుట్టుమిషన్ పెట్టుకుని వీధి మొత్తానికీ బట్టలు కుడుతుంది.

మా చివరి వరస ఇళ్ళ వెనక మడుగు, మడుగు అవతల విమానాశ్రయం గోడ. ఇప్పుడు రెండో రన్‌వే వేస్తామన్నారు. మడుగు పూడ్చి, చుట్టూ లోతైన కాలువ తవ్వి, భూమిలో నీళ్ళు మోటార్లతో తోడేసి నేల గట్టిపరుస్తారట. మడుగు పోతే దాని మీద బతికే కొంగలూ బాతులూ పోతాయి. ఆ ఊట మీదే నిండే మా రెండొందల బావులూ ఎండిపోతాయి. మాకు కుళాయిలు లేవు, బావులే. కంపెనీవాళ్ళ పర్యావరణ నివేదికలో మాత్రం, కింద బంకమట్టి పొర ఉంది కాబట్టి ఆ స్థలానికీ కాలనీ బావులకీ సంబంధం లేదని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారు. ఆ ఒక్క వాక్యం తప్పని తేల్చడానికి మా కమిటీ కోర్టుకెక్కింది.

“ఏడుపులు కాదండీ, అంకెలు కావాలి” అంది మా లాయరమ్మ మొదటి మీటింగులోనే. “రోజూ ఒకే వేళకి, ఒకే బావి, ఒకే మనిషి చూసిన అంకెలు. అలాంటివాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా?”

నలభై తలలు మా మామగారి వైపు తిరిగాయి. ఆయన కుర్చీలో నిటారుగా సర్దుకున్నారు. ఉద్యోగం మానాక ఆయన అలా కూర్చోగా నేను చూడలేదు. ఇంటికి రాగానే అటకమీది పెట్టె దింపించి, పాత తాడు తీసి, ఎర్ర పట్టీలకి కొత్త రంగు వేశారు.

రాసుకునే కాగితాలకి కొదవలేదు. కమిటీ వేయించిన కరపత్రాలు మా ఇంట్లో రెండు కట్టలు మిగిలిపోయాయి. ఒక పక్క “మా నీళ్ళు మాకే” అని పెద్దక్షరాలు, రెండో పక్క ఖాళీ. ఒక్కో కాగితం వెనక వారం రోజుల అంకెలు పట్టేవి.

కొలవడం మొదలుపెట్టిన మూడో నెలలో తొమ్మిదో తారీఖు పొద్దున్న ఆయన తాడు వదిలి, చూశారు. తాడు పైకి లాగి మళ్ళీ వదిలారు.

“నాలుగూ నలభై ఆరు!”

నేను తిరిగి పలకలేదు. ముందురోజు మూడు నలభై అయిదు. రాత్రికి రాత్రి మీటరు నీళ్ళు ఎక్కడికి పోతాయి?

“మూడు నలభై ఆరా మామయ్యగారూ?”

“నాలుగు. నాలుగూ నలభై ఆరు. రాసుకో.”

రాసుకున్నాను. పదో తారీఖున నాలుగు యాభై రెండు. పదకొండున నాలుగు నలభై తొమ్మిది. పన్నెండున మళ్ళీ మూడు నలభై ఎనిమిది. మనసు కుదుటపడింది. ఆయనకి కంటిలో పొర వచ్చిందని అప్పటికే డాక్టరు చెప్పాడు. ఎర్ర పట్టీ ఒకటి ఎక్కువ లెక్కపెట్టి ఉంటారనుకున్నాను. మా ఆయనకి చెబితే, “ఆపరేషన్ తొందరగా చేయించాలి. ఈమధ్య నా చొక్కా తనదనుకుని వేసుకుంటున్నారు” అన్నారు.

ఆ మధ్యలోనే, పదో తారీఖున, మిషన్ అక్క పెరటి గోడ మీంచి తల పెట్టింది.

“చెల్లీ, పాత తాడు ముక్కేదైనా ఉంటే ఇలా పడేయ్. బకెట్టు నీళ్ళకి అందట్లేదు. నా తాడు కురచైందో, నా చేతులు కురచయ్యాయో!”

అక్క మోటారు కాలిపోయి పది రోజులుగా మా ఆయన షాపులో ఉంది. ఆయన కాలిన మోటార్లకి రాగితీగ మళ్ళీ చుట్టి వైండింగు చేస్తారు. కాలనీలో ఆ వారం చేత్తో నీళ్ళు తోడుకునేది అక్క ఒక్కతే. మా అందరి పైపులూ బావి అడుగుదాకా ఉంటాయి, నీళ్ళు ఓ మీటరు దిగినా మాకు తెలియదు.

“నా మోటారుని మీ ఆయన బాగు చేస్తున్నాడా, పెంచుకుంటున్నాడా?”

“పెంచుకుంటున్నారక్కా. మాకు ఆడపిల్లలు లేరుగా” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. బట్టలారేసుకునే పాత తాడు ముక్క ఇచ్చాను. పొద్దున్న విన్న అంకె నా చెవిలో ఉంది, అక్క అడిగిన తాడు నా చేతిలో ఉంది. రెంటినీ కలిపి చూడలేదు.

* * *

నెలాఖరుకి కమిటీ ప్రెసిడెంటు వచ్చారు. రిటైరైన హెడ్మాస్టారు. నా చిత్తుకాగితాలు చూసి, పరీక్ష పేపరు చూసినట్టు కళ్ళజోడు పైకెత్తారు. పెన్సిలు రాత, చమురు వేలిముద్రలు, ఒకచోట పాలు ఒలికిన మరక.

“ఇవి కోర్టుకిస్తే నవ్వుతారమ్మా. మంచి పుస్తకంలో ఫెయిర్ చేసివ్వు. చదువుకున్నదానివి, నీకు చెప్పాలా?”

చదువుకున్నదాన్నే. డిగ్రీలో కెమిస్ట్రీ. మా ల్యాబులో టైట్రేషన్ మూడుసార్లు చేసి మూడు రీడింగులు రాయాలి. మూడూ ఒకదానికొకటి దగ్గరగా రావాలి. రాకపోతే వచ్చేలా రాసేవాళ్ళం. అందరూ అంతే. మేడమ్‌కీ తెలుసు. రికార్డు శుభ్రంగా ఉండి, అంకెలు కలిస్తే సంతకం పెట్టేది. మూడేళ్ళూ రికార్డుకి నాకే మొదటి బహుమతి.

అప్పుడు మామగారు ఆపరేషనై, ఎడమకంటికి కట్టుతో ముందుగదిలో పడుకుని ఉన్నారు. అయిదు రోజులు చదవకూడదు, వంగకూడదు అన్నారు డాక్టరు. ఆ అయిదు రోజులూ బావి దగ్గర ఆయన పని మా ఆయన చేశారు. మధ్యాహ్నాలు నేను భోజనాల బల్ల దగ్గర కూర్చుని, స్కేలుతో గళ్ళు గీసి, నల్ల ఇంకుతో ఒక్కో రోజే ఎక్కించాను. తొమ్మిదో తారీఖు దగ్గర కలం ఆగింది. అటు మూడు, ఇటు మూడు, మధ్యలో మూడు నాలుగులు. నాలుగుల స్థానంలో మూళ్ళు పెట్టి చూస్తే ఎంత చక్కగా కుదిరాయో! నలభై అయిదు, నలభై ఆరు, యాభై రెండు, నలభై తొమ్మిది, నలభై ఎనిమిది. ముసలాయన కంటి లోపం కోర్టులో నలుగురి ముందూ ఎందుకు బయటపడాలి అనుకున్నాను. ఆయన పరువు కాపాడుతున్నాననే అనుకున్నాను. మూడు చోట్ల నాలుగుని మూడు చేశాను.

“అమ్మాయ్” అన్నారు ఆయన మంచం మీంచి. “ఫెయిర్ అయిందా?”

“అయిపోయింది మామయ్యగారూ.”

“చిత్తు ఉంచావుగా? చిత్తు పారేయకూడదు.”

“ఉన్నాయి మామయ్యగారూ.”

ఉన్నాయి, నిజమే. ఆ ఆదివారం వంటింటి అరలు తుడిచినప్పుడు డబ్బాల కింద పరవడానికి కాగితాలు కావలసి వచ్చాయి. కరపత్రాలు అరకి సరిగ్గా సరిపోయాయి. కొన్నిటిని అంచులు కత్తిరించాను. చిరిగినవాటితో స్టవ్వు గట్టు తుడిచి పారేశాను.

పుస్తకం కమిటీలో చేతులు మారింది. “అచ్చు వేసినట్టుంది” అన్నారందరూ. రోజూ చూసింది చూసినట్టు రాసిన లెక్క ఇదేనని లాయరమ్మ ఒక ప్రమాణపత్రం తయారు చేసింది. దాని కింద నేను సంతకం పెట్టాను.

* * *

లాయరమ్మ ఆఫీసు ఒక పుస్తకాల షాపు మీద గది. కుర్చీలన్నిటి మీదా ఫైళ్ళే, మనుషులు నిలబడాలి. హెడ్మాస్టారూ నేనూ వెళ్ళేసరికి ఆవిడ ఒక చేత్తో బ్రెడ్డుముక్క పట్టుకుని, రెండో చేత్తో కాగితాలు తిరగేస్తోంది. ముఖం వెలిగిపోతోంది.

“దొరికారండీ! కంపెనీవాళ్ళు ఇన్నాళ్ళూ దాచిన కాగితాలు నిన్న కోర్టులో ఇవ్వక తప్పింది కాదు. ఇదిగో. మడుగు పక్కన బోరు వేసి, ఎనిమిదో తారీఖు పొద్దున్న ఎనిమిది నుంచి పదకొండో తారీఖు మధ్యాహ్నం దాకా ఆపకుండా నీళ్ళు తోడి చూశారు. చుట్టుపక్కల బావుల మీద ప్రభావం ఏమీ లేదని రాసేశారు. ఒక్క బావీ చూడకుండానే రాశారు! వాళ్ళు చూడలేదు, మీరు చూశారు. ఆ మూడు రోజులూ మీ బావి కాస్త దిగిందంటే చాలు, ఆ నివేదిక చిత్తుకాగితం.”

నా పుస్తకం తెరిచి వేలు పెట్టింది. కిందికి దిగుతున్న ఆ వేలునే చూస్తూ నిలబడ్డాను.

“మూడు నలభై అయిదు… నలభై ఆరు… యాభై రెండు…” వేలు ఆగింది. మళ్ళీ పైకెళ్ళి మళ్ళీ దిగింది. “ఏమీ తగ్గలేదే” అంది. పుస్తకం మెల్లగా మూసింది. “ఒక్క అడుగు దిగినా చాలేది.”

“పోనీలెండి” అన్నారు హెడ్మాస్టారు. “పుస్తకం ఎంత శుభ్రంగా ఉందో జడ్జిగారు గమనించకపోరు.”

మెట్లు ఎలా దిగానో గుర్తులేదు. ఇంటికొచ్చి, చెప్పులతోనే వంటింట్లోకి వెళ్ళి డబ్బాలు దించడం మొదలుపెట్టాను. మా ఆయన భోజనానికి వచ్చేసరికి నేల మీద కాలు పెట్టే చోటు లేదు. పప్పుల డబ్బాలు, నూనె సీసాలు, వాటి మధ్య నేను. పై నుంచి రెండో అరలో, పంచదార డబ్బా కింద దొరికింది. ఒక పక్క “మా నీళ్ళు మాకే”. వెనక, పెన్సిలుతో, నా చేత్తోనే: తొమ్మిది, నాలుగు నలభై ఆరు.

ఆయన బీరువాకి ఆనుకుని అంతా విన్నారు. చేతికంటిన నల్ల వార్నిష్ గోటితో గీక్కుంటూ, “మూడు రోజులు పెద్ద మోటారు ఆపకుండా లాగితే మీటరు దిగుతుంది. ఆపగానే ఊరుతుంది. అది నన్నడిగినా చెప్పేవాణ్ణి” అన్నారు. ఆయన నన్నన్న మాట అదొక్కటే.

“లాయరమ్మకి చెప్పాలి” అన్నాను.

“చెబితే నాన్నకి తెలియాలిగా?”

“ఆ అంకె చూసింది ఆయనేగా.”

“చెప్పకపోతే?”

“ఓడిపోతాం.”

“చెబితే గెలుస్తామా?”

“తెలీదు.”

ఆయన డబ్బాలు ఒక్కొక్కటే అందివ్వడం మొదలుపెట్టారు. “ఓడిపోయేదేదో నాన్నకి తెలియకుండా ఓడిపోవచ్చు కదా” అన్నారు.

ఆ మాట నన్ను సాయంత్రం దాకా పట్టుకు లాగింది. కానీ ఆ నాలుగు నేను పుట్టించింది కాదు, చెరిపేసింది. రెండొందల ఇళ్ళ నీళ్ళు దానిలో ఉన్నాయి.

మర్నాడు పొద్దున్న మామగారు అంకె చెప్పారు. నేను తిరిగి పలికి, రాసుకుని, మెట్టు దిగి బావి దగ్గరికి వెళ్ళాను. నేను ఎప్పుడూ అంత దగ్గరికి వెళ్ళేదాన్ని కాదు. ఆయన ఆశ్చర్యంగా చూశారు. చప్టా మీద కూర్చుని చెప్పేశాను, ఎక్కడా ఆగకుండా. ఆయన తాడు చుట్టుకుంటూ విన్నారు.

“అయితే అది నాలుగు కాదనుకున్నావు.”

“మీ కంటికి పొర ఉంది కదా అని…”

“పొర ఎడమకంటికమ్మా” అన్నారు మెల్లగా. “నేను తాడు చూసేది కుడికంటితో.”

ఆ మెడ తిప్పడం. మూడు నెలలు రోజూ చూశాను.

“నువ్వు ఒక్క మాట…” అని ఆయన ఏదో అనబోయారు. ఇంతలో విమానం వచ్చింది. ఆగారు. మా తలల మీదుగా, అక్క డాబా మీదుగా, మడుగు మీదుగా వెళ్ళింది. మడుగులోంచి కొంగలు లేచి మళ్ళీ వాలాయి. చప్పుడు పూర్తిగా పోయింది. నేను ఎదురుచూశాను. ఆగిన చోట మొదలుపెట్టడం మా అలవాటు.

ఆయన మొదలుపెట్టలేదు. తాడు మేకుకి తగిలించి లోపలికి వెళ్ళిపోయారు.

* * *

లాయరమ్మ చిత్తుకాగితాన్ని పుస్తకం పక్కన పెట్టి తారీఖులు సరిచూసింది. “దీంతో గెలవచ్చు. దీంతోనే మునగనూ వచ్చు” అంది. కొత్త ప్రమాణపత్రం రాయించింది. మిషన్ అక్క తాడు పట్టుకుని కోర్టుకొస్తానని బయల్దేరింది. “నా తాడే సాక్ష్యం! రెండు ముళ్ళు కూడా ఉన్నాయి చూడండి” అంది. తాడు మీద తారీఖు ఉండదని లాయరమ్మ ఓపిగ్గా నచ్చజెప్పింది.

కోర్టు హాలులో ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతున్నాయి. కమిటీ సంగతులు చెబుతున్న హెడ్మాస్టారు వాక్యం మధ్యలో టక్కున ఆగిపోయారు. మా కాలనీవాళ్ళం ఏడుగురమూ తలలెత్తాం. ఎక్కడో చాలా దూరంలో, ఈగ ముసిరినంత చప్పుడు. “ఏమైంది?” అన్నారు జడ్జిగారు. కంపెనీ లాయరు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాడు. నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు. నన్ను పిలిచినప్పుడు కూడా అంతే మెత్తగా మాట్లాడాడు.

“చేతిరాత ముచ్చటగా ఉందమ్మా. ఈ పుస్తకం మీరే రాశారా?”

“అవునండి.”

“ఈ కాగితం?”

“అదీ నేనే.”

“రెంట్లో ఏది అబద్ధం?”

“పుస్తకం. మూడు అంకెలే. మిగతావన్నీ…”

“పుస్తకం నిజమని ప్రమాణం చేసి సంతకం పెట్టారు. ఇప్పుడు అబద్ధమని ప్రమాణం చేస్తున్నారు. మేం బోరు ఏ తారీఖుల్లో తోడామో మీకు తెలిసిన రోజే, పంచదార డబ్బా కింద ఈ కాగితం దొరికింది. అవునా? తప్పుడు ప్రమాణానికి శిక్ష ఏమిటో మీ లాయరుగారు చెప్పారా అమ్మా?”

కళ్ళు పైకెత్తితే గోడ మీద గడియారం కనిపించింది గానీ టైమెంతైందో తెలియలేదు. లాయరమ్మ లేచి అడ్డం చెబుతోంది. కంపెనీ లాయరు వదలడం లేదు. “పెన్సిలు రాత ఎప్పుడైనా రాయచ్చు. చెప్పండమ్మా, ఈ కాగితం ఏ రోజు తయారు చేశారు? మొన్ననా, అటు మొన్ననా?”

“ఆ అమ్మాయి తప్పేం లేదండి.”

వెనక నుంచి వచ్చిందా మాట. మామగారు లేచి నిలబడి ఉన్నారు. పిలవకుండా లేవకూడదని ఎవరో అంటున్నా వినిపించుకోలేదు. జడ్జిగారు చెప్పనివ్వమన్నారు.

“నీళ్ళు చూసింది నేను. అప్పటికి నాకు కన్ను సరిగ్గా లేదు. తర్వాత ఆపరేషన్ కూడా అయింది, కాగితాలున్నాయి. నాలుగని నేను తప్పు చెప్పి ఉంటాను. అమ్మాయి సరిచేసింది. పుస్తకంలో ఉన్నదే నిజమండి.”

లాయరమ్మ చేతిలో కలం బల్ల మీద పెట్టేసింది.

“అంటే ఆ మూడు రోజులూ బావి దిగలేదంటారు” అన్నాడు కంపెనీ లాయరు, ఇంకా మెత్తగా.

“మూడే అయుంటుందండి” అన్నారు మామగారు.

నేను ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఒక్క అంకె కూడా దిద్దని మనిషి చేతులు కట్టుకుని, తలొంచుకుని, తప్పు ఒప్పుకున్న పిల్లాడిలా నిలబడ్డారు.

* * *

తీర్పు మూడు వారాలకి వచ్చింది. కాలనీ బావులకీ ఆ స్థలానికీ సంబంధం ఉన్నట్టు పిటిషనర్లు చూపలేకపోయారు, వాళ్ళ సాక్షే లేదని చెప్పాడు అని ఉంది. నా మీద చర్య ఏమీ తీసుకోలేదు. పై కోర్టుకి వెళ్దామని హెడ్మాస్టారు మీటింగు పెడితే నలుగురు వచ్చారు. అందులో ఇద్దరం నేనూ మా ఆయనా. మిషన్ అక్క తన వాకిట్లోంచి, “మీరెళ్ళండి చెల్లీ, నాకు పనుంది” అంది. అక్క వీధి మొత్తానికీ వినిపించేలా తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

కాలువ తవ్వకం మొదలైంది. గోడ అవతల రాత్రీ పగలూ మోటార్ల హోరు. ఇప్పుడిక విమానాలకి ఆగాల్సిన పని లేదు, చప్పుడు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి మనుషులు దాని మీంచే అరుచుకుంటున్నారు. మా ఆయన షాపులో కాలిన మోటార్లు గుట్టపడ్డాయి. నీళ్ళు అందక ఉత్తినే తిరిగి కాలిపోయినవన్నీ. కొంగలు ఎప్పుడు వెళ్ళిపోయాయో చూడనే లేదు. ఒకరోజు అటు చూస్తే మడుగు ఉన్నచోట ఎర్రమట్టి కనిపించింది.

మామగారు రోజూ ఆరున్నరకి లేచేవారు. బావి దగ్గరికి వెళ్ళేవారు. తాడు ముట్టుకునేవారు కాదు. కాసేపు గట్టు మీద చెయ్యి ఆనించి నిలబడి వచ్చేసేవారు. నాతో మాట్లాడటం మానలేదు. మందులెక్కడున్నాయని అడిగేవారు, కూరలో ఉప్పు సరిపోయిందనేవారు. నేను ఒకటి రెండుసార్లు, “కోర్టులో మీరెందుకలా…” అని మొదలుపెట్టాను. “ఆ గిన్నె ఇలా ఇవ్వమ్మా” అన్నారు.

చినుకులు పడతాయనుకుంటున్న రోజుల్లో ఒక పొద్దున్న కుండలో నీళ్ళు నింపుదామని మోటారు వేస్తే గాలి ఊదింది. బురద వాసన. నేను ఆపేసి పెరట్లోకి వచ్చేసరికి ఆయన మేకుకున్న తాడు తీసి చేత్తో పట్టుకుని ఉన్నారు. రెండో చేతిలో నా అట్ట, పెన్సిలు.

“నువ్వు చూడమ్మా” అన్నారు.

“నేనా?”

“నా కన్ను సరిగ్గా లేదని కోర్టులో చెప్పాను కదా.”

దెప్పుతున్నారేమోనని ముఖంలోకి చూశాను. అందులో ఏమీ లేదు. తాడు నా చేతిలో పెట్టి, వెళ్ళి వంటింటి మెట్టు మీద నిలబడ్డారు, నేను నిలబడే చోట.

చప్టా మీద మోకాళ్ళూనాను. గుండు వదిలాను. ఎర్ర పట్టీలు ఒక్కొక్కటే వేళ్ళ మధ్య నుంచి జారాయి. మూడు దాటింది. నాలుగు దాటింది. చప్పుడు కోసం విన్నాను. అయిదు, ఆరు. ఏడో పట్టీ గట్టు దాటాక గుండు మెత్తటిదాని మీద ఆనింది. నీళ్ళ చప్పుడు కాదు. తాడు వదులైంది. గట్టుకి నొక్కిపట్టి, మెడ ఒక పక్కకి తిప్పి చూశాను. నీళ్ళు నిండి కళ్ళు మసకగా ఉన్నాయి. నల్ల గీత పన్నెండో, పదమూడో.

“ఏడూ పన్నెండు” అన్నాను. “అడుగు తగిలింది మామయ్యగారూ.”

“ఏడు పన్నెండు. అడుగు.”

ఆయన మళ్ళీ అడగలేదు. నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు.